ఓడెక్కడానికో గడ్డివాము

గడ్డి అంటుకోవడం లేదు.

పది రోజులుగా ముసురు పట్టి వదలడం లేదు. కోల్టన్ దొర కళ్లంలోని గడ్డివాము పైపొర జానెడు లోతున తడిసి ముద్దయి ఉంది. బార్బరా లైడన్ దాని మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని, కుండలో దాచి తెచ్చిన నిప్పుగడ్డను గడ్డిలోకి దోపి, రెండు చేతులూ అడ్డం పెట్టి ఊదుతోంది. కాస్త పొగ లేస్తుంది, అంతలోనే చస్తుంది. పద్నాలుగేళ్ల కూతురు ఊనా తల్లి శాలువాలోకి తల దూర్చి తనూ ఊదుతోంది. కడుపులో ఏమీ లేనివాళ్లకి ఊపిరి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? నాలుగుసార్లు ఊదేసరికి పిల్లకి కళ్లు తిరిగాయి.

“పైన తడి ఉందే. లోపలికంటా తోయి.”

“చెయ్యి కాలుతోందమ్మా.”

“కాలితే కాలనీ. ఓడలో డాక్టరు ఉంటాడట, మందు రాస్తాడు.”

అది మిట్టమధ్యాహ్నం. ఎవరికీ కనపడకుండా చేసే పనైతే చీకటి పడేదాకా ఆగేవాళ్లే. కానీ వాళ్లని ఎవరైనా చూడాలి. చూసి పట్టుకోవాలి, పట్టుకుని కోర్టుకి ఈడ్వాలి, కోర్టు ఇద్దరికీ ద్వీపాంతర శిక్ష వెయ్యాలి. 1850 ఫిబ్రవరిలో ఆ తల్లీకూతుళ్లకి లోకంలో మిగిలిన ఆశ అదొక్కటే.

ఐర్లండులోని కనెమరా ఆడవాళ్లకి అప్పటికే ఈ దారి కొత్తది కాదు. దుంపతెగులు వచ్చి ఏళ్ల తరబడి బంగాళాదుంపలు నేలలోనే నల్లగా కుళ్లాయి. బార్బరా మొగుడు మార్టిన్ సర్కారువారి కరువు రోడ్డుకి రాళ్లు కొడుతూ జ్వరంతో ఆ రోడ్డు మీదే పోయాడు. అదే నెలలో చిన్నపిల్లలిద్దరూ పోయారు. తర్వాత కోల్టన్ దొర మనుషులొచ్చి గుడిసె కప్పు లాగేశారు. తల్లీకూతుళ్లు తాలూకా పనిశాలకి చేరారు. దిక్కులేని వాళ్లకి జావ పోసి పని చేయించుకునే చోటు అది. ఆడవాళ్లొక కొట్టంలో, ఆడపిల్లలు ఇంకో కొట్టంలో, నడుమ గోడ. ఆదివారం పూజలో మాత్రం దూరం నుంచి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునేవాళ్లు. ఒక ఆదివారం ఊనా కూర్చునే వరసలో పదకొండు మందికి ఆరుగురే ఉన్నారు. బార్బరా మర్నాడే కూతురి చెయ్యి పట్టుకుని అక్కణ్ణుంచి బయటికి నడిచింది.

ఆ రోజుల్లోనే, ద్వీపాంతరం వెళ్లిన పక్కూరి ఆవిడ రాసిన ఉత్తరం చర్చి గుమ్మం ముందు చదివి వినిపించారు. అక్కడ ఖైదీలకి రోజూ మాంసం పెడతారట. టీ ఇస్తారట. కాళ్లకి బూట్లిస్తారట. ఆ తర్వాత ఏ నేరానికి ఎన్నేళ్లు పడుతుందో ఊళ్లో పిల్లలక్కూడా నోటికొచ్చేసింది. రొట్టె దొంగిలిస్తే నమ్మకం లేదు, రెండు నెలలు లోపలేసి మళ్లీ రోడ్డు మీదికి తోసేస్తారు. గొర్రెని దొంగిలిద్దామంటే కంటికి గొర్రె కనిపిస్తేగా. గడ్డివాము అయితే ఖాయం.

చిక్కల్లా ఊనా వయసుతోనే. చంటిపిల్లల్నీ, పదేళ్ల లోపు వాళ్లనీ తల్లితో పాటు ఓడెక్కనిస్తారు. పద్నాలుగేళ్ల పిల్ల ఎక్కాలంటే దాని నేరం దానికి ఉండాలి. ఇద్దరూ ఒకే వాముకి ఒకే పూట నిప్పు పెడితే ఒకే కోర్టు, ఒకే శిక్ష, ఒకే ఓడ. బార్బరా రాత్రింబవళ్లు ఆలోచించి వేసిన ఎత్తు అది. నాకు తెలిసినంతలో అందులో తప్పేమీ లేదు.

ఎట్టకేలకి ఒక మూల గడ్డి అంటుకుంది. తీరా అంటుకున్నాక చూసేవాడు లేడు. కళ్లం కాపలావాడు ఎవరినో మట్టి చెయ్యడానికి వెళ్లాడు. ఎంతసేపు నిలబడినా దారిన పోయేవాడు కూడా కనిపించలేదు. చివరికి తల్లీకూతుళ్లే రెండు మైళ్లు నడిచి పోలీసు ఠాణాకి వెళ్లారు.

ఠాణాలో నడివయసు కానిస్టేబులు బూట్లు తుడుచుకుంటున్నాడు.

“మేం కోల్టన్ దొర గడ్డివాము తగలబెట్టాం. పట్టుకోండి,” అంది బార్బరా.

అతను గుమ్మంలోకి వచ్చి కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. “ఏదీ? పొగేది?”

“ఓ మూల అంటుకుంది బాబూ.”

“మూలకి శిక్ష ఎవడేస్తాడమ్మా? పో, ఇంటికి పో.”

“ఇల్లుంటే నీ దగ్గరికెందుకొస్తాను? కాస్త ఓపిక పట్టు, గాలి లేస్తే మొత్తం అంటుకుంటుంది.”

“ఈ పిల్లెవరు?”

“నా కూతురు. నిప్పు ఊదింది అదే. చెయ్యి చూపించవే.”

ఊనా బొబ్బలెక్కిన అరచెయ్యి చాపింది. బడిలో పలక చూపించే పిల్ల మొహంలో ఉండే గర్వం దాని మొహంలో ఉంది. కానిస్టేబులు ఆ చేతిని చూసి, పిల్ల మొహం చూసి, లోపలికెళ్లి సగం రొట్టె తెచ్చి ఇచ్చాడు. మంచివాడే. ఆ మంచితనమే తర్వాత వాళ్ల కొంప ముంచింది.

సాయంత్రానికి గాలి లేచింది. వాము మొత్తం బూడిదయింది. ఇద్దర్నీ గాల్వే పట్నం జైలుకి పంపారు. అయిదు వారాలు ఒకే గదిలో ఉన్నారు. పొద్దున జావ, మధ్యాహ్నం రొట్టె, పాలు. ఊనా బుగ్గలు పూడాయి. మూడేళ్ల తర్వాత మొదటిసారి ఆ పిల్ల నవ్వగా విన్నది బార్బరా.

“అమ్మా, అక్కడ ఇద్దర్నీ ఒకే ఇంట్లో పెడతారా?”

“ఒకే ఇంట్లో కాకపోతే ఒకే వీధిలో. గోడైతే ఉండదులే.”

“సముద్రంలో వాంతులవుతాయట.”

“వాంతి చేసుకోవాలంటే ముందు కడుపులో ఏదో ఒకటి ఉండాలి కదే. అదీ మంచిదే.”

మార్చిలో విచారణ. జడ్జి తెల్లజుట్టు పెద్దమనిషి. జూరీ పన్నెండు మందీ పొలాలూ పుట్రా ఉన్నవాళ్లు. బార్బరాకి ఐరిష్ తప్ప ఇంగ్లీషు రాదు కాబట్టి ఒక దుబాసీని పెట్టారు. నేరం ఒప్పుకుంటున్నారా అంటే ఇద్దరూ ఒప్పుకున్నారు. జడ్జికి అది నచ్చలేదు. పిల్ల మైనరు, ఏం ఒప్పుకుంటుందో దానికి తెలియదు, సాక్ష్యం వినాల్సిందే అన్నాడు.

కానిస్టేబులు బోనెక్కాడు. పిల్లని ఎలాగైనా బయట పడేద్దామని అతని మనసు. “మాట్లాడిందంతా తల్లేనండి. పిల్ల వణికిపోతూ వెనకాల నిలబడింది. చెయ్యి చూపించమంటే చూపించింది. చెప్పినట్టు వినే పిల్లలా ఉంది,” అన్నాడు.

జూరీలో ఒకాయన ఊనా వంక చూసి తల ఊపడం బార్బరా కంటపడింది. అనుమతి లేకుండానే లేచి నిలబడి అరిచింది.

“అబద్ధం దొరా. నిప్పుకుండ మోసింది అదే. ముందు నిప్పు పెట్టిందీ అదే.”

దుబాసీ ఆ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చలేదు. వంగి మెల్లగా ఐరిష్‌లో అడిగాడు. “ఏమంటున్నావో తెలుసా తల్లీ? కన్నకూతురు.”

“తెలుసు. ఉన్నదున్నట్టు చెప్పు.”

అతను చెప్పాడు. గదిలో జనం గోల చేశారు. ఎవరో “ఛీ” అన్నారు. బార్బరాకి ఆ ఛీ వినపడలేదు. ఇంకా గట్టిగా చెబితే నమ్ముతారనుకుంది. “అది చిన్నప్పట్నుంచీ దుర్మార్గురాలు దొరా. నేనెంత చెప్పినా వినదు. కోల్టన్ దొర ఇల్లు కూడా తగలబెడతానంది. దాన్ని ఈ దేశంలో ఉంచకండి.”

ఊనా తల్లికి తోడొచ్చింది. “అవును దొరా, నేనే పెట్టాను. ఒక్కదాన్నే పెట్టాను.”

అంతే, జూరీ గది వదిలి వెళ్లను కూడా లేదు. తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు. తల్లికి భయపడి ఆ పిల్ల నేరం నెత్తినేసుకుంటోందని అందరికీ అర్థమైపోయింది. ఊనా నిర్దోషి అన్నారు. ఐదేళ్లపాటు ఆ దేశంలో ఎక్కడా దొరకని జాలి ఆ పిల్లకి సరిగ్గా ఆ ఒక్క పూట దొరికింది.

జడ్జి బార్బరా వైపు తిరిగాడు. తను తప్పించుకోవడానికి కన్నబిడ్డని ముందుకు తోసే తల్లిని ముప్పై ఏళ్లలో చూడలేదన్నాడు. పదిహేనేళ్లు ద్వీపాంతరం వేశాడు. ఈ తల్లి నీడ పడని చోట పిల్ల పెరగాలన్నాడు. ఆ చోటు తాలూకా పనిశాల.

మెట్ల దగ్గర కాపలావాళ్లు ఇద్దర్నీ విడదీస్తుండగా దొరికింది పట్టుమని పది మాటల వ్యవధి. ఊనా తల్లి నడుం పట్టుకుని వదలలేదు.

“ఏడవకు. విను. మళ్లీ పెట్టు,” అంది బార్బరా. “ఒక్కదానివే వెళ్లు. ఎండ రోజు చూసుకో. జడ ఎత్తి ముడి వేసుకో, పెద్దదానిలా కనపడాలి. ఎవడూ జాలి పడకముందే నేనే అని చెప్పెయ్.”

“నువ్వక్కడే ఉంటావా?”

“ఎక్కడికి పోతానే? పదిహేనేళ్లు అక్కడే.”

ఓడ నాలుగు నెలలు నడిచింది. దక్షిణాన, భూమికి అవతల, వాన్ డీమన్ దీవిలో హోబార్ట్ రేవు. కాగితాల గుమాస్తా ఆమె ఎత్తు కొలిచాడు, పళ్లు చూశాడు, మొహం మీద స్ఫోటకం మచ్చలు లెక్కపెట్టాడు. నేరమేమిటని అడిగి రాసుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. పిల్లలెంతమంది అన్నచోట ‘ఒకరు’ అని ఉంది. కోర్టులో ఆమె చెప్పిన మాటలు కూడా ఎవరో పనికట్టుకుని మార్జిన్‌లో రాశారు. మా వంశంలో చాలామంది ఆ మార్జిన్ చదివి, ముత్తవ్వ రాక్షసి అనుకుని, ఆ పేరెత్తడం మానేశారు. చదవడం వస్తే సరిపోదు.

ఆడఖైదీల్ని ఊళ్లో ఇళ్లకి పనిమనుషులుగా ఇచ్చేవాళ్లు. బార్బరాని పర్డీ అమ్మగారికిచ్చారు. ఆవిడ స్కాట్లండు విధవరాలు, ఓడ కెప్టెన్లకి అద్దెగదులు నడిపేది. నోరు పెద్దది, చెయ్యి మంచిది. మొదటిరోజు గంపెడు బంగాళాదుంపలు ముందు పెట్టింది. బార్బరా ప్రతి దుంపనీ రెండు ముక్కలు చేసి, లోపల చూసి, పక్కన పెడుతోంది.

“తొక్క తియ్యమంటే నరుకుతావేంటే? ఏం వెతుకుతున్నావు దాంట్లో?”

“నలుపు, అమ్మగారూ,” అంది ఓడలో పట్టుబడిన ఇంగ్లీషులో.

మధ్యాహ్నం ఆవిడ గొర్రెమాంసం ముక్క పళ్లెంలో పెట్టింది. బార్బరాకి ముద్ద దిగలేదు. ఊనా ఈ పూట ఏం తిన్నదో అనిపించింది. తర్వాత దిగింది. మొత్తం తిని, పళ్లెం కూడా నాకింది. ఆ సిగ్గు ఆమెని చచ్చేదాకా వదల్లేదని మా ఇంట్లో చెప్పుకుంటారు.

నెలలు గడిచే కొద్దీ వాళ్లిద్దరి మధ్యా మాటలు పెరిగాయి. నాలుగు ఇంగ్లీషు ముక్కలూ పట్టుబడ్డాయి. ఊనా సంగతి విన్నాక పర్డీ అమ్మగారు దారి చెప్పింది. “మచ్చ లేకుండా నడుచుకో. నాలుగైదేళ్లకి, బయట సొంతంగా పని చేసుకు బతకొచ్చని నీ చీటీ వస్తుంది. చీటీ వచ్చినవాళ్లు అర్జీ పెట్టుకుంటే బిడ్డల్ని సర్కారే తన ఖర్చుతో తెప్పిస్తుంది.”

“నాలుగైదేళ్లు ఆ పనిశాలలో ఎవరు బతుకుతారమ్మగారూ?”

“మరేం చేస్తావు?”

బార్బరా తను చేసేది చేసేసింది. సర్కారు దారిన సర్కారు వస్తే రానీ, ముందు ఊనా తన దారిన తను వస్తుంది. పర్డీ అమ్మగారి చేత తన ఊరి చర్చి ఫాదర్ గెరాటీకి ఉత్తరం రాయించింది. ఖైదీల ఉత్తరాలు ఆఫీసులో విప్పి చదువుతారని తెలుసు కాబట్టి ఒకే మాట చెప్పమంది. నేను చెప్పింది ఊనా మర్చిపోవద్దు, ఆలస్యం చెయ్యొద్దు.

ఐర్లండు నుంచి ఆడఖైదీల ఓడ వచ్చిందంటే రేవు గుట్ట మీద జెండా లేచేది. అది చూడగానే బార్బరా చేతిలో పని అక్కడే వదిలేసి అమ్మగారి మొహంలోకి చూసేది. ఆవిడ కసిరేది, విసుక్కునేది, చివరికి వెళ్లి రమ్మనేది. కొత్తవాళ్లని రేవు నుంచి ఫ్యాక్టరీకి నడిపించుకుపోతారు. పేరుకే ఫ్యాక్టరీ, ఉన్నది జైలు. ఆ దారి పక్కన నిలబడి ఒక్కొక్క మొహమే చూసేది. పొట్టి పిల్లల్ని ముందు చూసేది. తర్వాత, ఇన్నాళ్లకి ఎదిగి ఉంటుంది కదా అనుకుని, పొడుగువాళ్లని కూడా చూసేది. రెండేళ్లలో అయిదు ఓడలు వచ్చాయి. వాళ్లూ కనెమరా ఆడవాళ్లే, వాళ్లూ గడ్డివాముల వాళ్లే. ఊనా లేదు.

1853 ఫిబ్రవరిలో వచ్చిన ఓడలో సొంత తాలూకా మనిషి దొరికింది. పేరు నెల్ టూల్. వరసలో నడుస్తూనే మాట్లాడింది. బార్బరా పక్కన పరుగెడుతూ విన్నది.

“ఊనానా? ఎందుకు తెలీదు? పనిశాలలో నా పక్క మంచమే.”

“బతికుందా?”

“బతక్కేం, నాకంటే బాగుంది. వంటగదిలో వేశారు.”

“మరి ఎందుకు రాలేదే అది?”

“భయపడుతోందక్కా. రెండుసార్లు నిప్పు పట్టుకెళ్లి, మళ్లీ వదిలేస్తారేమో, పనిశాలలోకి కూడా రానివ్వరేమోనని వెనక్కొచ్చేసింది. ఈసారి మాత్రం ఒట్టేసింది. గడ్డి కోసి, ఎండబెట్టి, వాములు వేశాక, ఈ ఏడు సెప్టెంబరులో. అమ్మకి చెప్పు, వచ్చేస్తున్నానని చెప్పు అంది.”

ఆ రోజు బార్బరా ఇంటికొచ్చి అందరు కెప్టెన్ల దుప్పట్లూ ఉతికింది. ఉతికినవే మళ్లీ ఉతికింది. సెప్టెంబరులో నిప్పు, మార్చిలో కోర్టు, ఆ పైన వేసవి ఓడ. వేళ్ల మీద లెక్కేసుకుంది. 1854 క్రిస్మస్‌కి ఊనా వస్తుంది. పర్డీ అమ్మగారి అటక మీద ఒక పరుపు ఖాళీగా ఉంటే, దాన్ని ఎండలో వేసింది.

ఆగస్టు పదో తేదీన ఊరు ఊరంతా పండగ చేసుకుంది. పొద్దున్నే చర్చి గంటలు మొదలయ్యాయి. వీధుల్లో ఆకుల తోరణాలు కట్టారు. బడిపిల్లలకి పతకాలు పంచారు, బండంత కేకు కోసి తలా ఒక ముక్క పెట్టారు. బార్బరా గుమ్మంలో నిలబడి వింతగా చూసింది. ఏ రాణిగారికైనా బిడ్డ పుట్టిందేమో అనుకుంది.

“ఏం పండగ అమ్మగారూ?”

“నీకు తెలీదా? ఖైదీల ఓడలు ఆగిపోయాయి. ఇక ఈ దీవికి ఒక్కళ్లని కూడా పంపరట. పీడ వదిలింది,” అని, ఎవరితో అంటోందో గుర్తొచ్చి ఆవిడ నాలిక కరుచుకుంది. “నిన్నని కాదులే.”

“మరి అక్కడ నేరం చేసినవాళ్లనేం చేస్తారు?”

“అక్కడి జైల్లోనే పెడతారు.”

బార్బరా మెట్టు మీద కూర్చుంది. వీధిలో బ్యాండు వాయిస్తూ పోతున్నారు. ఊళ్లో ఉన్న పాత ఖైదీలు కూడా టోపీలెగరేసి కేకలు పెడుతున్నారు. ఖైదీల ఓడలు ఆగిపోయినందుకు ఆ దీవి మొత్తం మీద గుండెలు బాదుకుని ఏడ్చింది ఆమె ఒక్కతే.

“ఉత్తరం రాయండమ్మగారూ. ఇప్పుడే రాయండి. ఊనా ఏమీ చెయ్యొద్దని రాయండి.”

“ఏం చెయ్యొద్దని?”

అప్పుడు చెప్పింది బార్బరా. కోర్టు మెట్ల దగ్గర కూతురికేం చెప్పిందో, తొలి ఉత్తరంలో ఏం గుర్తు చేసిందో మొత్తం చెప్పింది. పర్డీ అమ్మగారు కలం పట్టుకున్న చేత్తోనే నోరు నొక్కుకుంది.

“నా చేత్తో రాయించావా ఆ మాట? నేను బతిమాలి చెప్పానే, అర్జీ పెట్టుకోవే, సర్కారే తెస్తుందని.”

“మీరు చెప్పారు. నేనే నమ్మలేదు. నా మాటే వింటుందమ్మా అది. పిచ్చిది, నేనేం చెప్తే అది చేస్తుంది. రాయండి. నిప్పు ముట్టుకోవద్దని రాయండి. చదివేవాడు చదువుకోనీ, నన్ను ఫ్యాక్టరీలో వేస్తే వెయ్యనీ. రాయండి.”

రాసింది. ఆ మధ్యాహ్నమే టపా ఆఫీసులో పడేసింది. ఆగస్టులో బయల్దేరిన ఉత్తరం ఎంత తొందరగా వెళ్లినా డిసెంబరుకి గాని చేరదు. గడ్డివాము సెప్టెంబరుకి తయారవుతుంది. ఈ లెక్క వెయ్యడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. అయినా బార్బరా ప్రార్థన చేసింది. అక్కడ వానలు పడాలని, గడ్డి కుళ్లిపోవాలని, తన ఊరి రైతులందరి గడ్డీ కుళ్లిపోవాలని వేడుకుంది. ఊనా పిరికిదై పోవాలని వేడుకుంది. కూతురు తన మాట వినకుండా ఉంటే చాలు, జన్మలో ఇంకేమీ అడగనంది.

జవాబు 1854 జూలైలో వచ్చింది. పర్డీ అమ్మగారు వంటగదిలో పొయ్యి దగ్గర కూర్చుని, ముందు తను లోలోపల చదువుకోబోయింది.

“పైకి చదవండి,” అంది బార్బరా.

ఫాదర్ గెరాటీ తిన్నగా రాశాడు. నీ ఉత్తరం క్రిస్మస్ ముందు చేరింది. అప్పటికి పిల్ల జైల్లో ఉంది. సెప్టెంబరు పదిహేడున, మంచి ఎండలో, జడ ఎత్తి ముడి వేసుకుని వెళ్లి కోల్టన్ దొర కొత్త వాముకి నిప్పు పెట్టింది. నలుగురి ఎదుట నేనే పెట్టానంది. ఏ ఓడలో పంపుతారని ఠాణాలో అడిగిందట. నీ ఉత్తరం జైలుకి తీసుకెళ్లి చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. చదివాను. మార్చిలో కోర్టులో తను కాదంది, కాళ్లావేళ్లా పడింది. ఎవరూ నమ్మలేదు. పద్దెనిమిదేళ్లది, పైగా రెండోసారి కాబట్టి జాలి కూడా పడలేదు. నాలుగేళ్లు, డబ్లిన్‌లో ఆడవాళ్ల జైలు. వెళ్లేముందు నీకొక మాట చెప్పమంది. అమ్మ చెప్పినట్టే చేశానని చెప్పమంది.

బార్బరా ఏడవలేదు. పొయ్యి మీద నీళ్లు మరుగుతుంటే దించి, బట్టల తొట్లో పోసి, ఉతకడం మొదలుపెట్టింది. మూడో రోజు పర్డీ అమ్మగారు అటక మీది పరుపు తీసేసి కెప్టెన్ల గదిలో వేసింది.

ఆ తర్వాత బార్బరా ముప్పై రెండేళ్లు బతికింది. మైఖేల్ హోర్గన్ అనే రంపపుకోతవాణ్ణి పెళ్లి చేసుకుంది, అతనూ పాత ఖైదీయే. నలభయ్యో ఏట ఒక ఆడపిల్లని కన్నది. ఆ పిల్ల సంతానమే మేమంతా. ఆ పిల్ల ఏమడిగినా బార్బరా ఇలా చెయ్యి, అలా చెయ్యి అని ఒక్క సలహా కూడా చెప్పేది కాదట. నీ ఇష్టం అనేదట. తల్లికి తన మీద ప్రేమ లేదనుకుంటూనే పెరిగిందట ఆమె. ఊనా శిక్ష అయిపోయి బయటికి వచ్చిందని ఫాదర్ గెరాటీ ఒక ముక్క రాశాడు. ఎటు వెళ్లిందో ఆయనకీ తెలియదు. ఆ తర్వాత ఆయనా పోయాడు.

కానీ చెప్పవలసిన రోజు ఇంకొకటి మిగిలింది. 1855 వసంతంలో బార్బరా చీటీ వచ్చింది. నాలుగేళ్ల పైచిలుకు ఒక్క మచ్చ లేకుండా, ఒక్క ఫిర్యాదు లేకుండా నడుచుకున్నందుకు ఇచ్చిన చీటీ. పర్డీ అమ్మగారు తన మంచి శాలువా కప్పి, వెంటబెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్లింది. పిల్ల జైల్లో ఉంటేనేం, అడిగి చూద్దాం, విడుదలయ్యాకైనా పంపుతారేమో అని ఆవిడ ఆశ. బార్బరాకి ఆశ ఉందో లేదో తెలియదు. నడిచి మాత్రం వెళ్లింది.

బల్ల వెనకాల కూర్చున్న గుమాస్తా కుర్రవాడు కాదు, కోపిష్టీ కాదు. చీటీ చూసి సంతోషించాడు. కుర్చీ చూపించాడు. అర్జీ ఫారం తీసి, కలం సిరాలో ముంచాడు.

“ఎవర్ని తెప్పించుకోవాలమ్మా?”

“నా కూతుర్ని.”

“పేరు?”

“ఊనా లైడన్.”

“వయసు?”

“పందొమ్మిది.”

“ఇప్పుడెక్కడుంటోంది? అక్కడి మన ఏజెంటు వెళ్లి కలవాలి.”

పర్డీ అమ్మగారు ఏదో చెప్పబోయింది. బార్బరా ఆవిడ చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది. ఆమె కోర్టులో ఒకసారి అబద్ధం చెప్పి చూసింది.

“డబ్లిన్‌లో. ఆడవాళ్ల జైల్లో,” అంది.

గుమాస్తా కలం పక్కన పెట్టాడు. ఫారం మడిచి సొరుగులో పెట్టేస్తూ, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

“సర్కారు ఖైదీల్ని ఇక్కడికి తీసుకురావడం మానేసింది కదమ్మా. నీకు తెలీదా?”

“తెలుసు,” అంది బార్బరా.